శుక్రవారం పారబోసిన నీళ్లు

బోర్నియో అడవిలో అడుగుపెట్టిన రోజే నేనొక పిల్ల మీద కేకలేశాను. సాయంత్రం వాన పట్టుకుంది. మా గది రేకుల చూరు నుంచి నీళ్లు ధారలు కట్టి పడుతున్నాయి. నాతోపాటు ఆ గదిలో ఉండబోయే జర్మనీ అమ్మాయి తన బురద కాళ్లు ఆ ధార కింద కడుక్కుంది. తర్వాత అక్కడే ఉన్న ఖాళీ తొట్టిని కాలితో వాన పడని చోటికి నెట్టేసింది. నిండితే మెట్లకు అడ్డమవుతుందని ఆమె ఉద్దేశం. పడే నీళ్ల కింద నుంచి తొట్టిని తప్పించే మనిషిని నేను బుద్ధెరిగాక చూడలేదు.

“ఏయ్, ఏంది నువ్వు చేసే పని!” అని తెలుగులోనే అరిచాను.

ఆమెకు మాట అర్థం కాలేదు గానీ అరుపు అర్థమైంది. తొట్టిని మళ్లీ చూరు కిందికి జరిపి, ఇదేదో మా దేశపు మొక్కుబడి కాబోలు అన్నట్టు చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. తొట్టి క్షణాల్లో నిండింది. పొంగింది. పొంగిన నీళ్లు మెట్ల మీదుగా పోయి కాలువలో కలిశాయి, ఆ కాలువ ఏట్లో కలిసింది. నేను నోరు వెళ్లబెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఇన్ని నీళ్లు ఎవరికీ అక్కర్లేకుండా పోతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మాది మార్కాపురం. మా నాయనకు బజారులో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది. బకెట్లు, బిందెలు, మగ్గులు అన్నీ అమ్ముతాడు గానీ అసలు బేరం నీళ్ల డ్రమ్ములది. తర్లుపాడు నుంచి, పొదిలి నుంచి, అటు వెలిగండ్ల దాకా ఊళ్లవాళ్లు వచ్చి నీలం డ్రమ్ములు ఆటోల మీద కట్టించుకుపోతారు. ట్యాంకరు వచ్చిన రోజు పట్టిపెట్టుకుని, రాని రోజులు వాటితో నెట్టుకురావాలి కదా. ఎండలు ముదిరేకొద్దీ మా దుకాణం కళకళలాడుతుంది. జిల్లాను విడగొట్టి కొత్త ప్రకాశం చేసినప్పుడు దుకాణం అరుగు మీద పెద్ద చర్చే నడిచింది. “చీరాల పాయె, పర్చూరు పాయె, అద్దంకి పాయె. నీళ్లున్నోళ్లంతా పోయినారు, మనం మిగిలినాం. ఇంక మన డ్రమ్ములకు ఢోకా లేదు,” అని నాయన తీర్పు చెప్పాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఎందుకంటే నా చదువు మొత్తం ఆ డ్రమ్ముల మీదే నడిచింది.

ఎమ్మెస్సీ రెండో ఏడు మా కాలేజీ నుంచి విదేశంలో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. వానలు ఎప్పుడూ కురిసే అడవిలో నాలుగు నెలలుండి, అక్కడి చెట్లూ జంతువులూ పురుగులూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఎట్లా బతుకుతున్నాయో నేర్చుకోవాలి. చివర్లో ఎవరికి వాళ్లు సొంతంగా ఒక పరిశీలన చేసి అందరి ముందూ చూపించాలి. అది కుదరకపోతే సెమిస్టరు పోయినట్టే. సెమిస్టరు పోతే నేను ఈ చదువు కట్టిపెట్టి బీఈడీలో చేరాలని నాయనతో ఒప్పందం. ఆడపిల్ల అడవులు పట్టి తిరగడం ఏం చదువో ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. నాకు బీఈడీ అంటే ఒళ్లు మంట. అందుకే మొండికేసి బయల్దేరాను.

అడవి అంటే నేనెరిగింది నల్లమలే. దోర్నాల దాటాక ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చేసి, నేల కనబడేలా నిలబడే చెట్లు. అడవిలో ఎండ ఉంటుందనీ, దాహం వేస్తుందనీ నా నమ్మకం. నాయన నమ్మకమూ అదే. “ఆడ బకెట్లు ఉంటాయో ఉండవో. యాడికి పోయినా మన బకెట్టు మనకుండాల,” అని దుకాణంలోంచి రెండు కొత్త బకెట్లు, మూతలతో సహా తెచ్చాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చి, లోపల కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, అప్పడాల కట్టలు సర్ది, పైన టేపు చుట్టాడు. విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆయన ఆ మూత తీసి చూసి, కింద ఇంకో బకెట్టు కనబడేసరికి నా మొహం వంక చూశాడు. వానడవికి బకెట్లు తీసుకుపోతున్నానని నేను చెప్పలేదు. చెబితే పోనిచ్చేవాడు కాదేమో.

మూతల సంగతి ఇక్కడే చెప్పాలి. మా నాయన మూత లేకుండా డ్రమ్ము అమ్మడు. మూత వద్దు, ధర తగ్గించమని ఎవరైనా బేరమాడితే, ఇంకో దుకాణం చూసుకోమంటాడు. ఆయన అసలే నోరు మంచిగా ఉన్న వ్యాపారి, గిరాకీని పొమ్మనే మనిషి కాదు. ఈ ఒక్క విషయంలోనే మొహమాటం ఉండదు.

నాకొక చెల్లెలు ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అది రెండో తరగతి. కార్తీకంలో దానికి జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గిందని సంబరపడి ఇడ్లీ పెట్టాం. మర్నాడు చేతులు చల్లబడ్డాయి. ఒంగోలు తీసుకుపోయేసరికే ఆలస్యమైంది, డెంగీ అన్నారు. కర్మలన్నీ అయిపోయాక ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి ఇల్లూ వాకిలీ చూసుకుంటూ పెరట్లోకి వెళ్లారు. అక్కడ అమ్ముడుపోని డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. అన్నీ బోర్లించి ఉన్నాయి, ఒక్కటి తప్ప. అందులో వాన నీళ్లు నిలిచాయి. టార్చి వేసి చూపిస్తే నీళ్లలో దోమపిల్లలు ముడుచుకుంటూ సాగుతూ కిందికీ పైకీ ఆడుతున్నాయి. అమ్మ తొంగి చూసింది. ఆ డ్రమ్మును తనొక్కతే పడదోసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో శుక్రవారం వేరేగా ఉంటుంది. మా వీధిలో ఆడవాళ్లు పొద్దున్నే గడపకు పసుపు రాసి పూలు పెడతారు. మా అమ్మ గడప దగ్గరికి వచ్చేముందు ఇంట్లో నీళ్లు నిలిచిన ప్రతిదాన్నీ బోర్లిస్తుంది. బకెట్లు, తొట్లు, కూలరు, ఫ్రిజ్జు వెనక పళ్లెం, పూలకుండీల కింది మూకుళ్లు. ఊరికే పారబోస్తే చాలదు, దోమ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయని కొబ్బరి పీచు పెట్టి రుద్దుతుంది. ఆ తర్వాతే స్నానం, పసుపు, దీపం. చెల్లెలి పేరు మాత్రం ఆమె నోట మళ్లీ రాలేదు.

నాకు ఇద్దరూ రెండు నేర్పారు. నీళ్లు కనబడితే పట్టిపెట్టు అని నాయన. శుక్రవారం వస్తే పారబోసెయ్ అని అమ్మ. ఆ రెండూ మోసుకుని బోర్నియో పోయాను.

అక్కడ గదిలో ఇరవై నాలుగు గంటలూ నీళ్లొచ్చే షవరుంది. అయినా నా రెండు బకెట్లూ చూరు కింద పెట్టి నింపేదాన్ని. నిండాక మెట్ల పక్కకు జరిపి, వచ్చినప్పుడల్లా మగ్గుతో తోడుకుని కాళ్లు కడుక్కునేదాన్ని. మూతలు మాత్రం అప్పడాలు ఆరబెట్టుకోవడానికి వాడుకున్నాను. ఆరితేగా! ఆ అడవిలో ఏదీ ఆరదు. తువ్వాలు ఆరలేదు, జుట్టు ఆరలేదు, కందిపొడికి బూజు పట్టింది. ఒకరోజు చెప్పుల అరలోంచి నా తోలు చెప్పులు తీస్తే ఒకదాని మడమ మీద చిన్న పుట్టగొడుగు మొలిచి ఉంది. నిజంగా గొడుగే, కాడతో సహా. చెప్పును చేత్తో పట్టుకుని అట్లాగే మెట్ల మీద కూర్చుండిపోయాను. మా ఊళ్లో వేసిన విత్తనమే మొలవక రైతులు మొగులు వైపు చూస్తుంటే, ఇక్కడ చెప్పు మొలకెత్తింది.

వాన ఆగినప్పుడు కూడా అడవి కురుస్తూనే ఉండేది, ఆకుల మీది నీళ్లు కింది ఆకుల మీదికి, అవి ఇంకా కింది వాటి మీదికి. సూర్యుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో గుర్తుండేది కాదు. సాక్సులు విప్పితే రెండు జలగలు కడుపునిండా తాగి పడుకుని ఉండేవి. మొదటిసారి చూసి నేను పెట్టిన కేకకు వంటమనిషి గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

సొంత పరిశీలనకు అందరూ పెద్ద పెద్దవి ఎంచుకున్నారు. ఒకతను కోతుల వెంట పడ్డాడు, జర్మనీ అమ్మాయి చీమల దారులు పట్టుకుంది. నేను ఎంచుకున్నది చెట్ల తొర్రల్లో, విరిగిన వెదురు బొంగుల్లో నిలిచే చారెడు నీళ్లు. అంత చిన్న నీళ్లలో కూడా గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకునే కప్పలు ఉంటాయని మా టీచరమ్మ ఒక క్లాసులో చెప్పింది. ఆమె ఆ దేశపు మనిషే, ఆ అడవి అంచునే పుట్టి పెరిగింది. ఏరు పక్కనే పారుతుంటే చారెడు నీళ్లెందుకని ఆమె అడిగింది. చారెడు నీళ్లతో బతికేవాళ్లంటే నాకు అభిమానమని చెప్పాను. ఆమె నవ్వి ఒప్పుకుంది.

ఇక వెతుకులాట. పొద్దున్నే టార్చి, మెడకు తువ్వాలు, జలగలకు ఉప్పు మూట. తొర్ర కనబడితే చాలు తల దూర్చేదాన్ని. నీళ్లుండేవి. ఆ నీళ్లలో దోమపిల్లలు ఉండేవి. ముడుచుకుంటూ, సాగుతూ, కిందికీ పైకీ. ప్రతిసారీ తొర్రలో చెయ్యి పెట్టి ఆ నీళ్లన్నీ తోడి పారబోయాలనిపించేది, కానీ అది మా టీచరమ్మ అడవి, మా పెరడు కాదు. చెయ్యి వెనక్కి లాక్కుని, కప్పలు లేవని రాసుకుని ముందుకు కదిలేదాన్ని. వారం తర్వాత వారం అదే రాశాను. కప్పలు లేవు, లేవు, లేవు.

ఫోను సిగ్నలు వంటింటి వెనక గట్టు మీద మాత్రమే దొరికేది. అమ్మ ప్రతి శుక్రవారం పొద్దున ఫోను చేసేది.

“పారబోసినావా?”

“పోసినా అమ్మా.”

“రుద్దినావా?”

“రుద్దినా.”

“సరే, తిన్నావా?” అని అప్పుడు అడిగేది. ముందు నీళ్లు, తర్వాతే తిండి.

నేను అబద్ధం చెప్పలేదు. ప్రతి శుక్రవారం రెండు బకెట్లూ వంచి, పీచుతో గట్టిగా రుద్దేదాన్ని. అందులోనూ నాకొక చికాకు ఉండేది. ఎప్పుడు చూసినా బకెట్టు లోపలి గోడకు, నీళ్లకు జానెడు పైన, గుప్పెడు తెల్లటి నురగ అంటుకుని ఉండేది. నా బకెట్టులో ఆ జర్మనీ పిల్ల బట్టలు నానబెడుతోందని నాకు అర్థమైపోయింది. మొదటిసారి మర్యాదగా చెప్పాను. రెండోసారి గట్టిగా చెప్పాను. “ఉతుక్కుంటే ఉతుక్కో, నేను కాదనను. సబ్బు నురగ కడిగి పెట్టు, అంతే.” తను బకెట్టు ముట్టుకోనేలేదని ఆమె ఒట్టేసింది. మూడోసారి నేను ఆమెతో మాట్లాడటం మానేశాను.

ఒక శుక్రవారం టీచరమ్మ మా గది దగ్గరికి వచ్చింది. పరిశీలనకిచ్చిన రెండు నెలల్లో ఒకటి తిరగబోతోందనీ, తొర్రల్లో ఏమీ దొరకనప్పుడు పట్టుకుని వేలాడటం తెలివైన పని కాదనీ, వేరే విషయం చూసుకోమనీ చెప్పడానికి వచ్చింది. ఆ మాట నాకు ముందే తెలుసు. వేరే విషయం మొదలుపెట్టి పూర్తి చేసేంత సమయం లేదని కూడా తెలుసు. బీఈడీ కాలేజీ గేటు నా కళ్ల ముందు కనబడుతోంది. ఆ కోపమంతా బకెట్టు మీద చూపిస్తూ పీచుతో రుద్దుతున్నాను. ఒక బకెట్టు అప్పటికే వంచేశాను. రెండోదాని నురగ గీకబోతున్నాను.

“ఏం చేస్తున్నావు?” అని అడిగింది ఆమె.

“ఈ పిల్ల సబ్బు నురగ వదిలేసి పోతోంది మేడమ్. ప్రతివారం నేనే కడగాలి.”

ఆమె గొంతుక్కూర్చుని బకెట్టులోకి చూసింది. వేలితో నురగను మెల్లగా విడదీసింది. లోపల సగ్గుబియ్యం గింజల్లాంటివి, పాలిపోయినవి, కొన్ని అప్పటికే తోకలతో కదులుతున్నాయి.

“ఇది సబ్బు కాదు,” అంది. “చెట్టుకప్ప గూడు. నీళ్ల పైన నురగ గూడు కడుతుంది. లోపల గుడ్లు. అవి పగిలాక పిల్లలు కిందికి, నీళ్లలోకి జారిపడతాయి.” అని ఆగి, “ఎన్నాళ్ల నుంచి కడుగుతున్నావు?” అని అడిగింది.

నేను కింద నేల వంక చూశాను. మొదటి బకెట్టు వంచిన చోట బురదలో నల్లటి చుక్కలు కొట్టుకుంటున్నాయి. వాటిని నేను అప్పటికి ప్రతివారం చూశాను. దోమపిల్లలే అనుకుని, కాలితో మట్టి కూడా కప్పాను. ఏ కప్పల కోసం జలగలతో నెత్తురు తాగించుకుంటూ అడవంతా తిరుగుతున్నానో ఆ కప్పలు నా మెట్ల పక్కన, మా నాయన బకెట్లలో కాపురం పెట్టాయి. నేను శుక్రవారానికొకసారి ఆ కాపురాన్ని పీచు పెట్టి రుద్దేశాను. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో ఆ బురదను బకెట్టులోకి ఎత్తడం మొదలుపెట్టాను. చీమలు అప్పటికే చేరాయి. టీచరమ్మ మొదట నవ్వింది, నా మొహం చూసి ఆపేసి, తనూ పక్కన కూర్చుని ఎత్తింది.

అలికిడికి జర్మనీ అమ్మాయి బయటికి వచ్చింది. బకెట్టులోకి ఒకసారి, నా వంక ఒకసారి చూసి, “నేను ఉతకలేదని చెప్పానా లేదా?” అంది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఆమెకు మిగిలిన అప్పడాలన్నీ వేయించి పెట్టాను. మెత్తబడ్డవి వేయిస్తే పొంగలేదు గానీ ఆమె తిన్నది.

అది గొప్ప కప్పేమీ కాదని టీచరమ్మ ముందే చెప్పింది. మనుషులుండే చోట, తొట్లలో, కుండల్లో పెట్టే మామూలు కప్పే. కానీ ఆమె ఒక ప్రశ్న ఇచ్చింది. ఈ కప్పపిల్లలు ఉన్న నీళ్లలో దోమపిల్లలు ఎట్లా ఉన్నాయి, లేని నీళ్లలో ఎట్లా ఉన్నాయి? స్టోరు రూములోంచి పాత బేసిన్లు కొన్ని ఇప్పించింది. కొన్నింట్లో కప్పపిల్లలు వేశాం, కొన్నింట్లో ఉట్టి నీళ్లు. ఇక వాటిని కదపకుండా చూస్తూ ఉండాలి.

చూస్తూ ఉండటం! ఆమెకు చాలా తేలికైన పని. నేను మాత్రం మొదటి శుక్రవారం పొద్దున పీచు పట్టుకునే బేసిన్ల దగ్గరికి వెళ్లాను. ఉట్టి నీళ్ల బేసిన్లలో దోమపిల్లలు తయారయ్యాయి. వాటిని బతకనివ్వాలి. నేను నిద్రపోయే గుమ్మం ముందు, నా చేత్తో పట్టిన నీళ్లలో. కొబ్బరి పీచు తీసుకెళ్లి వంటమనిషికి ఇచ్చేసి, నేనడిగినా ఇవ్వొద్దని చెప్పాను. టీచరమ్మ ఆ బేసిన్ల మీద, దోమలు రెక్కలొచ్చి ఎగరకుండా, సన్నటి వల కట్టించింది. అయినా నేను రోజూ ఆ వల అంచులు తడిమి చూసేదాన్ని. అమ్మ ఫోను చేసి అడిగితే పారబోశానని చెప్పాను. ఆ తర్వాతి వారమూ చెప్పాను.

వారాలు గడిచేకొద్దీ తేడా కంటికే కనబడటం మొదలైంది. కప్పపిల్లలున్న బేసిన్లలో దోమపిల్లలు పలచబడ్డాయి. ఒకదాంట్లో అసలు లేవు. నేను వాటి మధ్య కూర్చుని ఒక్కొక్కదాన్నీ మళ్లీ మళ్లీ చూసుకున్నాను. టీచరమ్మ మాత్రం తొందరపడొద్దంది. కప్పపిల్లలు దోమ గుడ్లు తింటూ ఉండొచ్చు, లేదా దోమలే అక్కడ గుడ్లు పెట్టడం మానేసి ఉండొచ్చు, ఇంత తక్కువ బేసిన్లతో ఏదీ చెప్పలేమంది. నేను బుర్ర ఊపాను. ఊపుతూనే గట్టు మీదికి పరుగెత్తాను.

శుక్రవారం కాకపోయినా అమ్మకు ఫోను చేశాను. అంతా చెప్పేశాను. నురగ సంగతి, బేసిన్ల సంగతి. “మన బాత్‌రూములో వానాకాలం గోడ మీద అతుక్కుంటాదే పసుపుపచ్చ కప్ప, ఇది దానికి దాయాది అమ్మా. ఇది ఉన్న నీళ్లలో దోమపిల్లలు కనపడటంలేదు!” అన్నాను. గెంతుతూ చెప్పానేమో, ఊపిరి అందలేదు.

అమ్మ కప్ప సంగతి అడగలేదు.

“నిలవ నీళ్లు పెట్టుకొని పండుకుంటాండావా నువ్వు?” అంది.

“వల కట్టినారమ్మా. అది చదువు కోసం...”

ఫోను పెట్టేసింది. ఆ శుక్రవారం ఫోను రాలేదు. చెల్లెలు పోయాక అమ్మ పారబోసినావా అని నన్ను అడగని శుక్రవారం అదే. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా అడిగేది. నాకు దిక్కు తోచలేదు. నాయనకు చేస్తే, “బాగనే ఉండాదిలే, నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు. చివర్లో అందరి ముందూ నా బేసిన్ల గురించి చెప్పాను. ఏం చూశానో చెప్పాను, ఏం చెప్పలేనో కూడా చెప్పాను. టీచరమ్మ సెమిస్టరు పాసు చేసింది. బీఈడీ తప్పింది. బకెట్లు తనకిచ్చి వెళ్లమని జర్మనీ అమ్మాయి అడిగితే మూతలతో సహా ఇచ్చేశాను.

మార్కాపురం స్టేషనులో దిగేసరికి ఎండ మండిపోతోంది. నా బట్టలన్నీ నాలుగు నెలల తర్వాత ఆ పూట ఆరాయి. ఇంట్లో అమ్మ మామూలుగానే ఉంది. అన్నం పెట్టింది, చిక్కిపోయావంది. కప్పల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి ఠక్కున ఆగిపోయాను. పేర్చిన డ్రమ్ములన్నీ ఎప్పటిలా బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన, కరివేపాకు చెట్టు నీడలో, ఒక డ్రమ్ము నిటారుగా ఉంది. మూత లేదు. సగానికి నీళ్లున్నాయి. మా పెరట్లో మూత లేని నీళ్లు! పడదోయడానికి చెయ్యి దానంతటదే లేచింది.

“ముట్టుకోవాకు!” అని లోపల నుంచి నాయన కేకేశాడు. బయటికి వచ్చి గొంతు తగ్గించాడు. “మీ అమ్మే పెట్టింది. నువ్వు ఫోను చేసినావు చూడు, అప్పటి నుంచి. ట్యాంకరు నీళ్లే పోస్తాది. పొద్దున సాయంత్రం టార్చి ఏసి చూస్తాది. శుక్రవారం వంచి, రుద్ది, మళ్లా పోస్తాది. నన్ను దగ్గరికి రానీదు.”

చెంబెడు నీళ్లు నిలిస్తే ఊరుకోని మనిషి అమ్మ. నేను నమ్మలేకపోయాను. ఆమె టార్చి పట్టుకుని వచ్చింది. నన్ను తప్పుకోమని డ్రమ్ములోకి వెలుగు వేసింది. గోడల చుట్టూ వేసింది, నురగ కోసం.

“ఇంకా రాలా,” అంది.

“అమ్మా, ఎండాకాలంలో రావు. వానలు పడితే గానీ...”

“వానాకాలంలో వస్తాయి, నాకు తెలవదా. బాత్‌రూము గోడ మీద, నీ అంత చదువు లేకపోయినా ఏటా చూస్తానే ఉండా.” టార్చి ఆర్పింది. “ఆ ఏడు కూడా ఉండె. పాప కప్ప కప్ప అని అరిచి నీళ్లు పోసుకోనంటే నేనే చీపురు తెచ్చి తోలినా. పెరట్లోకి తోలినా, ఆడి నుంచి గోడ అవతలికి తోలినా.”

పాప అంటే చెల్లెలు. ఇన్నేళ్ల తర్వాత అమ్మ నోట ఆ మాట వచ్చింది. అడవి గట్టు మీద గెంతుతూ నేను చెప్పిన కబురు ఈ ఇంట్లోకి వచ్చి ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. డ్రమ్ము బోర్లించలేదన్న బాధ ఒకటి ఆమెకు ముందే ఉంది. నేను ఇంకోటి తెచ్చి ఇచ్చాను.

“అమ్మా, అది తేలలేదు,” అన్నాను. “తింటాయో తినవో మా మేడమే చెప్పలేనంది. నాలుగు బేసిన్లు చూసి నేను ఆత్రపడి చెప్పినా. ఆ కప్ప ఉన్నా ఏమయ్యేదో ఎవరికీ తెలవదు.”

“నువ్వేం చెప్పలేదులే. నేనే అనుకున్నా.”

నాయన మొహం తిప్పుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ రోజు శుక్రవారం. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని డ్రమ్ముకు ఒక పక్క పట్టింది. నేను ఏడుస్తూనే రెండో పక్క పట్టాను. నీళ్లు కరివేపాకు పాదులోకి పోయాయి. అమ్మ లోపల పీచుతో రుద్దింది. తర్వాత బిందెతో మళ్లీ పోయడం మొదలుపెట్టింది, సగానికి, నురగకు చోటు వదిలి. ఆ డ్రమ్ము మూత గోడకు ఆనించి ఉంది. నేను దాన్ని తీసి చేత్తో పట్టుకుని అమ్మ వంక చూశాను.

“అది దుకాణంలో ఇచ్చిరా పో,” అంది. “ఒక మూత తక్కువైందని మీ నాయన వెతుకుతాంటాడు.”